ఇనుప గుంజకు ఒక చుట్టు

పెళ్ళైన దగ్గర్నుంచీ మా ఆయన నీళ్ళ కింద ఉంటే నేను నీళ్ళ పైన ఉన్నాను. ఆయన డైవరు, నేను తాడుమనిషిని. అంటే ఆయన నడుముకు కట్టిన తాడు రెండో కొస నా చేతిలో ఉంటుంది. లోపలున్న మనిషికి మాట వినబడదు కాబట్టి మాటలన్నీ తాడుతోనే. పైనుంచి ఒకసారి లాగితే ‘బాగున్నావా’ అని. కిందనుంచి ఒకసారి లాగితే ‘బాగున్నాను’ అని. రెండుసార్లు లాగితే ‘తాడు వదులు’. మూడుసార్లు లాగితే ఇంక ప్రశ్నల్లేవు, పైకి లాగెయ్యడమే. ఇంట్లో మేమెప్పుడూ ఇంత క్లుప్తంగా మాట్లాడుకున్నది లేదు.

మా పని అక్వేరియంలో. జనం టికెట్టు కొనుక్కుని అద్దం ముందు నిలబడి నోళ్ళు తెరుచుకుని చేపల్ని చూస్తారు కదా, ఆ అద్దానికి లోపలివైపు పట్టిన పాచి గీకేదీ, అడుగున పేరుకున్న చెత్త తీసేదీ మేమే. మూడు నిలువుల లోతు తొట్టి. ఆ పని పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అది వేరే చెప్పక్కర్లేదు.

పోయిన వానాకాలంలో మా ఆయన కుడిచెవి లోపల పగిలింది. జలుబుతో దిగొద్దని మొత్తుకున్నాను. చెవిన పెట్టలేదు. ఇప్పుడు పెడదామన్నా ఆ చెవి పనిచెయ్యదు.

చెవి డాక్టరు చిన్న పిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. “వినికిడి పోవడం ఒక ఎత్తు. మనిషిని నిటారుగా నిలబెట్టేది కూడా లోపలి చెవే. మీరు మళ్ళీ నీళ్ళలో దిగితే పైకేదో కిందికేదో తెలీదు. నేలమీద కళ్ళు తిరిగి పడితే లేస్తారు. అక్కడ పడితే లేవరు.”

మా ఆయన బుద్ధిమంతుడిలా తల ఊపాడు. ఆ వారమే దిగాడు.

వద్దని అరిచాను, ఏడ్చాను, గాలి సిలిండరు మీద కూర్చున్నాను. “నువ్వు పట్టుకుంటే పట్టుకో, లేకపోతే తాడు లేకుండానే దిగుతా” అన్నాడు. పట్టుకోక చస్తానా? కాసేపటికి ఒకసారి లాగాను. జవాబు లేదు. మళ్ళీ లాగాను. తాడు చివర మనిషి కాక ఇసుక బస్తా ఉన్నట్టుంది. అప్పుడిక లాగేశాను, అరచేతుల తోలు ఊడేదాకా లాగాను. మనిషి తలకిందులుగా వచ్చాడు, ముందు కాళ్ళు, తర్వాత తల. గట్టుమీద బోర్లా పడి కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాడు.

“పైకొస్తున్నాననుకున్నానే. అడుగుకి ఈదుతున్నా” అన్నాడు. అని, చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. అన్నేళ్ళ కాపురంలో ఆయన ఏడుపు నేను చూడటం అదే మొదలు.

ఆ ఏడుపు చూసి నా నోటినుంచి ఒక మాట వచ్చేసింది. “రేపట్నుంచి నేను దిగుతా. తాడు మీరు పట్టుకోండి.”

అనడమైతే అన్నాను. నా సంగతి నాకు తెలియదా? ముఖం కడుక్కునేటప్పుడు కూడా ముక్కు మూసుకునే మనిషిని. తలస్నానం చేస్తే నీళ్ళు ముఖం మీదికి రాకుండా మెడ వెనక్కి వాల్చి, పైకప్పు చూస్తూ పోసుకుంటాను. నీళ్ళ పక్కన బతికాను గానీ నీళ్ళతో నాకు పరిచయం లేదు.

నా రెండో గుణం కూడా ఇక్కడే చెప్పేస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కోపమొస్తే తిడతాను. తిట్టడానికి వీల్లేని చోటైతే నోరు మూసుకుని ముక్కుతో గొణుగుతాను. మా అమ్మాయి దానికి ‘అమ్మ మోటారు’ అని పేరు పెట్టింది. వంటింట్లోంచి ఆ చప్పుడు వినబడగానే “నాన్నా, మోటారు ఆన్ అయింది” అని తండ్రికి కబురు చేరవేస్తుంది. ఆయన చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోతాడు.

అక్వేరియంవాళ్ళు ఒక ట్రైనరమ్మను పెట్టారు. నాకంటే చిన్నది, సన్నగా, నవ్వకుండా మాట్లాడుతుంది. ఆవిడ పాస్ అంటేనే నాకు తొట్టిలో దిగే అనుమతి. గొట్టంతో నోటి ద్వారా గాలి పీల్చడం నేర్పింది, వచ్చింది. దిగుతుంటే చెవులు నొప్పెట్టకుండా ముక్కు పట్టుకుని ఊదడం నేర్పింది, అదీ వచ్చింది. నడుముకు సీసం దిమ్మెలు కట్టుకుని మెట్టు మెట్టుగా అడుగుకి చేరడం కూడా, కాళ్ళు చల్లబడుతూనే, వచ్చింది.

రానిది ఒక్కటే. అడుగున మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళనీ ముక్కునీ కప్పే మాస్కు పూర్తిగా తీసెయ్యాలి. కాసేపు అలాగే ఉండాలి. మళ్ళీ పెట్టుకోవాలి. అప్పుడు మాస్కు నిండా నీళ్ళుంటాయి. ముక్కుతో గాలి ఊదితే ఆ నీళ్ళు కిందినుంచి బయటికి పోతాయి. “లోపల ఏ చేపో తగిలి మాస్కు ఊడిందనుకోండి, ఇది రాకపోతే అంతే” అంది ట్రైనరమ్మ. అంతే అంటే ఏమిటో నేను అడగలేదు.

ఇంట్లో బట్టలు నానబెట్టే టబ్బు నిండా నీళ్ళు పోసి ముఖం ముంచేదాన్ని. మా అమ్మాయి తువ్వాలు పట్టుకుని నిలబడేది. మా ఆయన పక్కన స్టూలు వేసుకుని, సగమే వినబడుతుంది కాబట్టి వీధంతా వినేట్టు అరిచేవాడు. “ముక్కుతో ఊదు! పీల్చకే, ఊదు!” ముక్కుకి నీళ్ళు తగలగానే నా బుద్ధి ఆగిపోయేది. ఊదడం, పీల్చడం, నా పేరు, ఏదీ గుర్తుండదు. ఒక్కటే తెలుస్తుంది, చచ్చిపోతున్నానని. టబ్బులో జానెడు నీళ్ళలో చచ్చిపోతున్నానని. తల పైకి లేపి దగ్గి దగ్గి, పక్కన నిలబడ్డ పిల్ల ముఖం చూసి సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

తొట్టిలో ఇంకా ఘోరం. మాస్కు తీస్తాను. చల్లటి నీళ్ళు ముఖానికి కొడతాయి. మరుక్షణం నడుము దగ్గర తాడు బిగుసుకుంటుంది, బావిలో బొక్కెనలాగా పైకి వచ్చేస్తాను. పరీక్ష పెట్టిన ప్రతిసారీ ఇదే తంతు.

“మళ్ళీ తాడు లాగేశారా అమ్మా?” అనేది ట్రైనరమ్మ, అద్దం అవతలి హాల్లోంచి మెట్లెక్కి వచ్చి. ఒక్కసారిగా లేచే ఆ బుడగల్లో ఆవిడకి నా చేతులు కనబడేవి కావు.

లాగేశాననే అనుకున్నాను. భయంలో చెయ్యి ఏం చేస్తుందో మనిషికి తెలియదు కదా. మా ఆయన మాత్రం నావైపు చూడకుండా, తాడు చుట్ట చుట్టుకుంటూ ఉండేవాడు.

చివరికి ఆవిడ చెప్పేసింది. “శుక్రవారం ఇంకొక్కసారి చూస్తాను. కాకపోతే తొట్టి పని వేరేవాళ్ళకిచ్చేస్తారు. అది నా చేతిలో లేదు.”

ఇంటికొచ్చే బస్సులో మా ఆయన కిటికీలోంచి చూస్తూ, కూరలు ఏం తేవాలని అడిగినంత మామూలుగా అన్నాడు. “నీవల్ల కాకపోతే నేనే దిగుతా.”

“మేనేజరుకి డాక్టరు మాట చెప్పేస్తా” అన్నాను.

“చెప్పు. రేవులో పడవల అడుగు గీకే పనుంది. అక్కడ డాక్టరు కాగితాలడగరు. తాడూ కట్టరు.”

ఆయన బెదిరించడం లేదు. బెదిరిస్తే నాకు తెలుస్తుంది, తిరిగి అరవడం కూడా తెలుసు. మర్నాడు స్నానాల గదిలోకి వెళ్తే తలుపు వెనక కొక్కేనికి ఆయన పాత మాస్కు వేలాడుతోంది. శుభ్రంగా కడిగి ఉంది. తెగిపోయిన పట్టీ తీసేసి కొత్త పట్టీ వేసుకున్నాడు. తలుపు గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో చాలాసేపు ఏడ్చాను. ఈ మనిషి చచ్చిపోతాడు. నేను ముక్కుతో గాలి ఊదలేను కాబట్టి చచ్చిపోతాడు. ఇంత చిన్న విషయానికి మనుషులు చచ్చిపోతారా అనిపించింది.

శుక్రవారం పొద్దున గిన్నెలు తోముతున్నాను. మాడిన మూకుడు ఒక చేత్తో ఒత్తి పట్టుకుని రెండో చేత్తో రుద్దుతుంటే అరమీద ఫోను మోగింది. రెండు చేతులూ ఖాళీ లేవు. “ఎవరో చూడండి, నాకేమైనా మూడో చెయ్యి ఉందా?” అని అరిచాను.

అరిచి, అలాగే నిలబడిపోయాను.

మాస్కు తీసేటప్పుడు ఒక చెయ్యి తలవెనక పట్టీ మీద ఉంటుంది. రెండో చెయ్యి మాస్కు మీద. తాడు నడుము దగ్గర. మరి ప్రతిసారీ తాడు లాగింది ఎవరు?

మూకుడు అక్కడే పడేసి ముందుగదిలోకి వెళ్ళాను. ఆయన ఎడమ పక్కకి తిరిగి వెళ్ళాను, వినబడలేదని అనడానికి వీల్లేకుండా. “నేను లాగలేదు కదూ?”

ఆయన ఫోను చేతిలో పెట్టుకుని నేలచూపులు చూశాడు.

“ఒక్కసారైనా లాగానా?”

“లేదు.”

“మరి?”

“నువ్వు మాస్కు తియ్యగానే నీ వణుకంతా తాడులోంచి నా చేతికొచ్చేదే. చచ్చిపోతున్నావనిపించేది. చెయ్యి దానంతటదే లాగేసేది. ఆపుకోవాలనే చూశాను, నా వల్ల కాలేదు.” తలెత్తి నావైపు చూశాడు. “నువ్వెలా పట్టుకునేదానివే అన్నేళ్ళూ? కింద నాకు ఒక్కరోజు కూడా వణుకు తెలీలేదు. పైన బండరాయి కూర్చుందనుకుని నిశ్చింతగా పని చేసుకునేవాణ్ణి.”

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. నావల్ల కావడం లేదని, చేతకానిదాన్నని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. ట్రైనరమ్మ ముందు తల దించుకున్నాను. ఈయన నోరు విప్పలేదు. కానీ ఆయన చేతుల వైపు చూస్తే, ఫోను పట్టుకున్న వేళ్ళు అప్పుడు కూడా నిలకడగా లేవు. కోపం దిగలేదు గానీ తిట్టబోయినదాన్ని ఆగాను.

“బండరాయా? దిగిన ప్రతిసారీ నా ప్రాణం గిలగిల్లాడేది. గట్టు పక్కన ఇనుప గుంజ ఉంది చూశారా? తాడు దానికి ఒక చుట్టు తిప్పి, ఆ తర్వాత పట్టుకునేదాన్ని. చేతి వణుకు ఆ గుంజ దగ్గరే ఆగిపోతుంది. గట్టిగా లాగితే మాత్రం తెలుస్తుంది, ఇటు మీకూ, అటు నాకూ. నా వణుకు తెలిస్తే మీరు కింద బెదురుతారని అలా చేసేదాన్ని.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“చెప్తే ఇంక దాచినట్టెలా అవుతుంది?”

“ఇవాళ చుట్టు వేస్తా” అన్నాడు. తర్వాత మెల్లగా, “అయినా కాకపోతే మాత్రం నేనే దిగుతా. మాట మాటే” అన్నాడు.

తొట్టి గట్టుమీద ఎప్పటిలాగే చేపల వాసన, తడి సిమెంటు వాసన. అవసరమైతే దూకడానికి ఇంకో డైవరు సిలిండరు తగిలించుకుని, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ట్రైనరమ్మ కింద అద్దం ముందుకు వెళ్ళింది. మా ఆయన నా నడుముకి తాడు కట్టాడు. ముడి రెండుసార్లు లాగి చూశాడు. నేను ఆయన ముఖం చూడకుండా దిగిపోయాను.

అడుగుకి చేరాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆ తొట్టిలో ఒక ముసలి చేప ఉంది. ఎవరు దిగినా వచ్చి తనిఖీ చేస్తుందని మా ఆయన దానికి ‘ఇన్‌స్పెక్టరు’ అని పేరు పెట్టాడు. అదొచ్చి నా ముఖం ముందు ఆగింది. అద్దం అవతల ట్రైనరమ్మ చెయ్యెత్తింది. మొదలుపెట్టమని.

తీశాను.

లోకం చెరిగిపోయింది. చల్లటి నీళ్ళు కళ్ళలో, ముక్కు రంధ్రాల్లో. ఇప్పుడు తాడు బిగుసుకుంటుందని ఒళ్ళు దానంతటదే ఎదురు చూసింది. బిగుసుకోలేదు. మెల్లగా, వెతుక్కుంటూ మాస్కు మళ్ళీ ముఖానికి పెట్టుకున్నాను. పట్టీ తలవెనక్కి వేసుకున్నాను. లోపలంతా నీళ్ళే. ఇక ఊదాలి. ఊదడం మరిచిపోయాను. పీల్చాను.

ముక్కులోంచి నీళ్ళు గొంతులోకి దిగి మండాయి. గొట్టం నోట్లో ఉండగానే దగ్గాను. ఇంకో దగ్గు. గాలి ఉంది, పక్కనే ఉంది, నోట్లోనే ఉంది, అయినా అందడం లేదు. అయిపోయింది. నావల్ల కాకపోతే ఆయన దిగి చచ్చిపోతాడన్న మాట కూడా ఆ క్షణంలో గుర్తు రాలేదు. నాకు నేనే కావాలి. పైకి పోవాలి. అంతే.

నడుము దగ్గరి తాడు దొరకబుచ్చుకుని లాగాను. ఒకటి, రెండు, మూడు. ఇప్పుడు నిజంగా నేనే లాగాను, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి.

తాడు కదల్లేదు.

మళ్ళీ లాగాను. గోడకి కట్టిన తాడులాగా ఉంది అది. పైన ఎవరూ లేరు. ఆయన లేడు. నన్ను ఇక్కడ వదిలేశారు. నా బతుకులో అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. పెళ్ళైన దగ్గర్నుంచీ తాడుకి ఒక కొసన ఆయన ఉంటే రెండో కొసన నేనున్నాను, ఇప్పుడు రెండో కొసన మనిషి లేడు.

అప్పుడొచ్చింది కోపం. భయం కింద ఎక్కడ దాక్కుందో గానీ కడుపులోంచి తన్నుకుంటూ వచ్చింది. అవసరం లేనప్పుడల్లా లాగావు కదయ్యా! తుమ్మితే లాగావు, దగ్గితే లాగావు! నన్ను చేతకానిదాన్ని చేశావు! ఇప్పుడు ప్రాణం పోతుంటే ఎక్కడ చచ్చావు? పక్కవాడితో కబుర్లు చెప్తున్నావా? పైకి రానీ, నీ పని చెప్తా, నీ మాస్కు ముక్కలు చేసి ఈ చేపకే వేస్తా! నోట్లో గొట్టం ఉంది. పళ్ళు దానిమీద బిగుసుకున్నాయి. తిట్లు నోట్లోంచి రావడానికి దారి లేదు. అలవాటైన దారిలోనే వచ్చాయి, ముక్కులోంచి. మ్మ్మ్ మంటూ, గుర్రుమంటూ, ఆగకుండా.

బుడగల చప్పుడు వినబడింది. కళ్ళ దగ్గరి నీళ్ళు దిగుతున్నట్టు తెలిసింది. తిడుతూనే ఉన్నాను. ముక్కు దగ్గరి నీళ్ళూ దిగాయి. కళ్ళు తెరిచాను.

ఎదురుగా ఇన్‌స్పెక్టరు. దాని ప్రతి పొలుసూ విడివిడిగా కనిపిస్తోంది. మాస్కులో చుక్క నీళ్ళు లేవు.

గొట్టంలోంచి ఊపిరి పీల్చాను. వచ్చింది. ఇంకోటి పీల్చాను. అదీ వచ్చింది. అద్దం అవతల ట్రైనరమ్మ రెండు చేతులూ ఎత్తి ఏదో అంటోంది. బయటికి వినబడని మోటారు లోపల ఇంకా మోగుతూనే ఉంది. దాన్ని ఆపడానికి నాకు ధైర్యం చాల్లేదు. పైకి వచ్చేదాకా తిడుతూనే ఉన్నాను.

గట్టుమీదికి ఎక్కేసరికి ట్రైనరమ్మ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది. “పాస్! బాగా చేశారు. ఇంకో క్షణం చూసి మనిషిని దింపేద్దామనుకున్నాను.” నా ముఖంలోకి చూసింది. “మధ్యలో తాడు పట్టుకున్నారెందుకు?”

మా ఆయన మా ఇద్దరి వంకా చూశాడు.

“ఊరికే. ఆసరాకి” అన్నాను.

ఆవిడ ఇంకేమీ అడగకుండా రాసుకుని వెళ్ళిపోయింది. రెండో డైవరు కూడా సిలిండరు దించుకుని వెళ్ళాడు. మేమిద్దరమే మిగిలాం. నేను తిట్టాల్సినవన్నీ వరసగా నాలిక చివర పెట్టుకుని ఆయన దగ్గరికి నడిచాను.

ఆయన గుంజ పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. తాడు ఇంకా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు, నేను పైకొచ్చిన సంగతి చేతులకింకా చేరనట్టు. గుంజకి తాడు ఒక చుట్టు కాదు, మూడు చుట్లు ఉంది. నేను ఆ మాత్రం లాగినా, ఏనుగు లాగినా, ఆ చుట్లు దాటి ఆయన చేతికి తెలిసేది కాదు.

“ఒకటితో చెయ్యి ఆగేట్టు లేదే” అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా. అరచేతులు తెరిచి చూపించాడు. తాడు పడ్డ చోట ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి. “కానీ నువ్వసలు లాగనే లేదు కదా. ఏమీ తెలీలేదు నాకు. ప్రశాంతంగా ఉన్నావు. లాగలేదు కదూ?”

లాగానంటే? కొక్కేనికి కొత్త పట్టీ వేసిన మాస్కు ఉంది. రేవులో తాడు కట్టని పడవలున్నాయి.

“లాగలేదు” అన్నాను.

ఆయన నిట్టూర్చాడు. అంత పెద్ద నిట్టూర్పు ఆ మనిషి ఛాతీలో ఇన్నాళ్ళూ ఎలా పట్టిందో నాకు తెలియదు. “అయితే ఆ పాత మాస్కు అమ్మాయికిచ్చేద్దాం. ఏ బొమ్మకో పెట్టుకుంటుంది” అన్నాడు.

నేను ఆయన పక్కన చతికిలబడ్డాను. కుడిపక్కన. డైవింగు సూటు లోపల ఒళ్ళంతా వణుకుతోంది, పళ్ళు టకటకమంటున్నాయి. ఆ పగిలిన చెవి దగ్గరికి ముఖం తీసుకెళ్ళి మెల్లగా చెప్పాను. “లాగాను. మూడుసార్లు లాగాను. మళ్ళీ లాగాను. మీరు రాలేదు. చచ్చిపోయాననుకున్నాను. రేపు మళ్ళీ దిగాలంటే నాకు ఇప్పట్నుంచే భయంగా ఉంది.”

చెంపకి నా ఊపిరి తగిలిందేమో, ఆయన తల తిప్పి ఎడమచెవి నావైపు పెట్టాడు. “ఏమన్నావ్?”

నేను చెయ్యి చాపి గుంజ మీది చుట్లు రెండు విప్పాను.

“ఒక్క చుట్టు చాలన్నాను.”